కారులో కొత్త సబ్‌వూఫర్ పెట్టించారా? ముందు గెయిన్ సరిచూసుకోండి

కొత్త సబ్‌వూఫర్ మొదటి రోజు కాస్త బిగుసుకుపోయినట్టు, బేస్ తక్కువైనట్టు అనిపించొచ్చు. కోన్‌ని వెనక నుంచి పట్టి ఉంచే ముడతల గుడ్డని స్పైడర్ అంటారు. అదీ, కోన్ చుట్టూ ఉండే రబ్బరు అంచూ కొత్త తోలు చెప్పుల్లా గట్టిగా ఉంటాయి. వాడేకొద్దీ వదులవుతాయి, రెజొనెన్స్ ఫ్రీక్వెన్సీ కొద్దిగా దిగుతుంది. సీల్డ్ బాక్స్ అయితే లోపలి గాలి కూడా స్ప్రింగ్‌లా పనిచేస్తుంది కాబట్టి ఈ తేడా చెవికి పెద్దగా తెలియదు.

అసలు ప్రమాదం ‘బేస్ రావట్లేదే’ అని మనం చేసే పనిలో ఉంది. నా మొదటి సబ్‌కి గెయిన్ ఫుల్, బేస్ బూస్ట్ ఫుల్ పెట్టేశా. నాలుగో రోజుకి కారంతా కాలిన వాసన, వాయిస్ కాయిల్ పోయింది. 6 డెసిబెల్స్ బూస్ట్ అంటే ఆ ఫ్రీక్వెన్సీ దగ్గర సుమారు 4 రెట్లు పవర్ అడిగినట్టే. ఆంప్ అంత ఇవ్వలేక క్లిప్ అవుతుంది, కాయిల్ వేడెక్కుతుంది.

గెయిన్ అంటే వాల్యూమ్ కాదండీ. బూస్ట్ సున్నాలో పెట్టి, లో పాస్ 80 హెర్ట్జ్‌కి తిప్పి, ఆంప్ నుంచి సబ్ వైర్లు తీసేయండి. స్టీరియో వాల్యూమ్ ముప్పావు వంతు పెట్టి 50 హెర్ట్జ్ టోన్ ప్లే చేయండి. మల్టీమీటర్ ఏసీ వోల్ట్స్‌లో ఉంచి ఆంప్ అవుట్‌పుట్ చూడండి. 300 వాట్స్ ఆర్‌ఎంఎస్, 4 ఓమ్స్ అయితే రెండూ గుణించి వర్గమూలం తీస్తే దాదాపు 34.6 వోల్టులు. గెయిన్ కింద నుంచి మెల్లగా పెంచుతూ అక్కడ ఆపేయండి.

రాత్రంతా టోన్ పెట్టి వదిలేయక్కర్లేదు. రెండు వారాలు మామూలు సౌండ్‌లో పాటలు వినండి, మాస్ బీట్లైనా సరే. కాలిన వాసన తగిలితే మాత్రం సౌండ్ తగ్గించి సరిపెట్టుకోకుండా వెంటనే ఆఫ్ చేయండి.