ఆ గాజు తొట్టికి ఉప్పుటేరు నువ్వే

కైకలూరు,
సోమవారం.

చిరంజీవి అమ్మలుకు,

నిన్న రాత్రి ఫోన్‌లో నువ్వు ఏడుస్తుంటే నాకు మాట రాలేదు. రెండు చేపలు పోయాయన్నావు. నెలకోసారి తొట్టి మొత్తం ఖాళీ చేసి, చేపల్ని టబ్బులోకి మార్చి, గులకరాళ్లు కుళాయి కింద రుద్ది కడిగి, కొత్త నీళ్లు నింపుతున్నానని చెప్పావు. ఇంత శుభ్రంగా చూసుకుంటున్నా ఎందుకు చచ్చిపోయాయి పెదనాన్నా అని అడిగావు. ఆ ప్రశ్నకు నింపాదిగా జవాబు చెప్పాలనే ఈ ఉత్తరం. దీన్ని దాచుకుని, అవసరమైనప్పుడల్లా తీసి చూసుకో.

నీకు తెలుసుగా, ముప్పై ఏళ్లు చెరువు గట్టు మీదే నా బతుకు. బొచ్చె, శీలావతి పెంచినవాణ్ణి. తెల్లవారుజామున నిద్ర లేవగానే నేను ముందు చూసేది చేపను కాదు, నీటిని. నీటి రంగు, వాసన, చేపలు పైకి వచ్చి నోళ్లు తెరుస్తున్నాయా లేదా అన్నదే చూసేవాణ్ణి. నీరు బాగుంటే చేప తన సంగతి తను చూసుకుంటుంది. ఎకరాల చెరువుకైనా, మీ హాల్లో ఉన్న రెండడుగుల తొట్టికైనా ఇదే సూత్రం.

మన కొల్లేరునే చూడు. బుడమేరు, తమ్మిలేరు నీళ్లు తెస్తాయి. ఉప్పుటేరు ఆ నీళ్లను సముద్రానికి తీసుకుపోతుంది. వచ్చే దారీ పోయే దారీ ఉన్నాయి కాబట్టే అది సరస్సుగా నిలిచింది. నీ గాజు తొట్టికి ఆ రెండు దారులూ లేవు. చేప తిన్నదీ విసర్జించినదీ, మిగిలిన మేతా, కుళ్లిన ఆకూ అన్నీ అందులోనే ఉండిపోతాయి. ఆ తొట్టికి బుడమేరూ నువ్వే, ఉప్పుటేరూ నువ్వే. నువ్వు చెయ్యి పెడితేనే ఆ నీరు కదులుతుంది.

ఇప్పుడు కంటికి కనిపించని మురికి గురించి చెబుతాను. చేప వదిలే వ్యర్థం నుంచి, కుళ్లిన మేత నుంచి అమ్మోనియా పుడుతుంది. అది చేప మొప్పల్ని కాల్చే విషం. నీళ్లు వేడెక్కినా, పీహెచ్ పెరిగినా దాని తీవ్రత ఇంకా పెరుగుతుంది. అయితే ప్రకృతి దీనికి విరుగుడు పెట్టింది. ఒక రకం సూక్ష్మజీవులు అమ్మోనియాను నైట్రైట్‌గా మారుస్తాయి. అదీ విషమే. మరో రకం సూక్ష్మజీవులు ఆ నైట్రైట్‌ను నైట్రేట్‌గా మారుస్తాయి. నైట్రేట్ కాస్త సాధువు, కొద్దిగా ఉంటే చేప ఓర్చుకుంటుంది. కానీ అది రోజురోజుకూ పేరుకుంటుంది. దాన్ని తీసేయడానికే మనం నీళ్లు మారుస్తాం.

ఈ సూక్ష్మజీవులు ఎక్కడుంటాయనుకున్నావు? నీళ్లలో ఉండేవి తక్కువ. గులకరాళ్లకూ, ఫిల్టర్ స్పాంజికీ పట్టిన పల్చటి జిగురులోనే వాటి కాపురమంతా. కుళాయి నీటితో నువ్వు రుద్ది కడిగింది ఆ జిగురునే. అద్దాలు తళతళలాడాయి, కానీ విషాన్ని విరిచేవాళ్లు ఇంట్లో లేకుండా పోయారు. కొత్త తొట్టిలోలాగే వాళ్లు మళ్లీ స్థిరపడటానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. ఆలోపే అమ్మోనియా పెరిగి నీ చేపల్ని తీసుకుపోయింది. నీ ప్రేమలో లోపం లేదమ్మా, పద్ధతి తెలియకపోవడమే లోపం. పద్ధతి నేర్చుకుంటే వస్తుంది.

నెలకోసారే ఎందుకు మార్చావని కూడా ఆలోచించాను. మొన్న మీ ఇంటికి వచ్చినప్పుడు చూశాను కదా. మూడో అంతస్తు ఫ్లాటు. మగ్గుతో నీళ్లు తోడి, బాత్‌రూమ్‌కీ హాలుకీ ఇరవైసార్లు తిరిగావు. నేలంతా తడి, మీ అమ్మ కేకలు. ఆదివారం పొద్దుటిపూట అంతా దానికే పోయింది. అంత కష్టమైన పనిని ఎవరైనా వాయిదా వేస్తారు. వాయిదా పడేకొద్దీ మురికి పెరుగుతుంది, మురికి పెరిగేకొద్దీ పని ఇంకా పెద్దదవుతుంది. అందుకే నేను చెప్పేది ఒక్కటే. ముందు పని తేలిక చేసుకో. తేలికైన పనే వారం వారం జరుగుతుంది.

మొదట లెక్క చూద్దాం. నీ తొట్టి పొడవు 24 అంగుళాలు, వెడల్పు 12, నీటి మట్టం 10. అంటే సుమారు 47 లీటర్లు, గులకరాళ్లు పోను 45 అనుకో. వారానికి నాలుగో వంతు మారిస్తే చాలు. రెండున్నర అంగుళాల నీరు తీస్తే 12 లీటర్లకు కాస్త తక్కువ అవుతుంది. అంటే ఒక్క బకెట్టు. నువ్వు ఇన్నాళ్లూ భయపడిన పని నిజానికి వారానికి ఒక బకెట్టు నీళ్లే. ఇప్పుడున్న మట్టానికి రెండున్నర అంగుళాల కింద, తొట్టి బయట పక్క అద్దానికి రంగు టేపు ముక్క అంటించు. ఇక ఏ వారమూ కొలిచే పని ఉండదు.

నీళ్లు తీయడానికి మగ్గు వద్దు. హార్డ్‌వేర్ షాపుకు వెళ్లి, మేస్త్రీలు గోడ లెవెలు చూసుకునే అరంగుళం ప్లాస్టిక్ ట్యూబు అడుగు. మీ తొట్టి నుంచి బాల్కనీకి పదిహేను అడుగుల దూరం ఉంటుంది, ఇరవై అడుగులు తీసుకో. అర లీటరు నీళ్ల బాటిల్ అడుగు కోసేసి, మూతకు రంధ్రం చేసి, అందులో ట్యూబు బిగించు. బాటిల్ వెడల్పు నోటిని గులకరాళ్లలో గుచ్చితే రాళ్లు కాస్త పైకి లేచి మళ్లీ కిందపడతాయి, తేలికైన మురికి మాత్రం ట్యూబులోకి వెళ్లిపోతుంది. రాళ్లు బయటికి తీయకుండానే శుభ్రమవుతాయి, వాటిమీది జిగురూ మిగులుతుంది. ఒక వారం తొట్టి అడుగున సగభాగం, మరో వారం మిగతా సగం శుభ్రం చెయ్యి.

ట్యూబులోంచి నీళ్లు రావడానికి నోటితో పీల్చకు. ఆ నీళ్లు నోట్లోకి పోకూడదు. ట్యూబును కుళాయి దగ్గర పూర్తిగా నింపి, ఒక కొసను మడిచి బట్టల క్లిప్పు పెట్టు, ఇంకో కొసను బొటనవేలితో మూసి తీసుకొచ్చి తొట్టిలో ముంచు. క్లిప్పు ఉన్న కొస బాల్కనీలోని బకెట్టులో, నేల మీద ఉండాలి. క్లిప్పు తీయగానే నీళ్లు వాటంతట అవే దిగుతాయి. బయటి కొస తొట్టి నీటి మట్టం కన్నా ఎంత కిందుంటే ధార అంత వేగంగా వస్తుంది. చెరువు తూము ఎత్తినప్పుడు జరిగేదీ ఇదే. ధార నడుస్తున్నంతసేపు ఫోన్ ఎత్తకు, తలుపు తీయడానికి వెళ్లకు. టేపు దాకా రాగానే బాటిల్ నీటి పైకి ఎత్తు, ధార ఆగిపోతుంది.

ఆ బకెట్టు నీళ్లు పారబోయకు. అందులోని నైట్రేట్ మొక్కలకు ఎరువు. మీ బాల్కనీలో తులసి, మల్లె, కరివేపాకు ఉన్నాయి. రెండు రోజులకు సరిపడా నీళ్లు అవి. ట్యాంకరు నీళ్లు కొనుక్కునే ఊళ్లో ఒక బకెట్టు నీరు రెండుసార్లు పనికొస్తే అంతకన్నా ఏం కావాలి?

ఇక నింపే నీళ్ల సంగతి. దీన్ని జాగ్రత్తగా చదువు, ఎందుకంటే ఇక్కడ నేను స్వయంగా దెబ్బతిన్నాను. చెరువులు వదిలేశాక ఇంట్లో చిన్న తొట్టి పెట్టుకున్న కొత్తలో, ఒక రోజు డాబా మీది ట్యాంకును బ్లీచింగ్ పౌడరుతో కడిగించారు. ఆ మర్నాడు ఆ నీళ్లే నేరుగా తొట్టిలో పోశాను. మధ్యాహ్నానికి ఏడు చేపలు పోయాయి. చెరువుల్లో అంత అనుభవం ఉండి కూడా ఒక్క రోజు ఆగలేకపోయానన్న బాధ నాకు ఇప్పటికీ ఉంది. నీకు ఆ బాధ రాకూడదు.

తాగునీటిలో లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగిలి ఉండాలని మన దేశపు ప్రమాణాలు చెబుతాయి. మనల్ని రోగాల నుంచి కాపాడేది అదే. కానీ చేప మొప్పలకూ, ఫిల్టర్‌లోని సూక్ష్మజీవులకూ అది హాని. కాబట్టి ముందు రోజే బకెట్టు నింపి, మూత వేయకుండా ఉంచు. ఒక రోజులో క్లోరిన్ చాలావరకు గాల్లోకి పోతుంది. తొందర ఉంటే చేపల షాపులో దొరికే యాంటీ క్లోరిన్ చుక్కలు, సీసా మీద రాసినంతే వెయ్యి. అందులో సాధారణంగా ఉండేది సోడియం థయోసల్ఫేట్. ఒకప్పుడు ఫోటో స్టూడియోల వాళ్లు హైపో అన్నది దాన్నే.

రోజంతా బకెట్టు గదిలో ఉంటే ఇంకో మేలు కూడా ఉంది. వేసవిలో మేడ మీది ట్యాంకు నీళ్లు చెయ్యి పెట్టలేనంత వేడిగా వస్తాయి కదా. అవి గది వేడికి దిగుతాయి. తొట్టి నీటికీ బకెట్టు నీటికీ తేడా ఒకటి రెండు డిగ్రీలు మించకూడదు. పైగా మీ సంపులో ఒక రోజు మంజీరా, ఒక రోజు బోరు, ఎండాకాలంలో ట్యాంకరు నీళ్లు. నీటిలో కరిగిన లవణాలు ఎంతో చూపే చిన్న టీడీఎస్ మీటరు కొనుక్కో. తొట్టి నీటికీ బకెట్టు నీటికీ అంకెల తేడా బాగా ఎక్కువగా ఉంటే ఆ వారం సగం బకెట్టే మార్చు. చేపకు మంచి నీళ్ల కన్నా అలవాటైన నీళ్లు ముఖ్యం. ఆర్వో నీళ్లు మాత్రమే పోయడం కూడా తప్పే, అందులో చేపకు కావలసిన లవణాలు దాదాపు ఉండవు. ఆర్వో యంత్రం వదిలేసే వృథా నీరు అసలే వద్దు, లవణాలన్నీ అందులోనే చేరి ఉంటాయి.

నిండు బకెట్టు 12 కిలోలు. దాన్ని మోసి తొట్టి ఎత్తుకు లేపడమే నీకు నడుం నొప్పి తెచ్చింది. ఇక మోయకు. మీ వంటింట్లో గ్యాస్ సిలిండర్ కింద చక్రాల స్టాండు ఉంది చూడు, అలాంటిది ఇంకొకటి కొను. బకెట్టు దాని మీద పెట్టి, ముందు రోజే బాత్‌రూమ్‌లో నింపి, హాల్లోకి నెట్టుకుంటూ రా. ఆ తర్వాత కూలర్‌లో వాడే చిన్న పంపు, 18 వాట్లది, కొత్తది కొని దీనికే కేటాయించు. దాన్ని బకెట్టులో ముంచి, ట్యూబు తగిలించి, ఇంకో కొసను తొట్టి అంచుకు బట్టల క్లిప్పుతో బిగించు. మూడున్నర అడుగుల ఎత్తుకు అది తేలిగ్గా నీళ్లు తోస్తుంది. ట్యూబు కొస మాత్రం తొట్టి నీటి మట్టానికి పైనే ఉండాలి. నీళ్లలో మునిగి ఉంటే, పంపు ఆపగానే తొట్టి నీళ్లు వెనక్కి దిగి బకెట్టు పొంగుతుంది, కింది ఇంటివాళ్ల పైకప్పు తడుస్తుంది.

కరెంటు విషయంలో ఏమరుపాటు పనికిరాదు. తొట్టిలో చెయ్యి పెట్టే ముందు ఫిల్టర్, హీటర్, లైటు అన్నింటి ప్లగ్గులూ పీకు. స్విచ్ ఆపితే సరిపోదు. హీటర్ వేడిగా ఉండగా నీటి మట్టం తగ్గితే దాని గాజు పగలొచ్చు, కాబట్టి పది నిమిషాల ముందే ఆపు. ప్రతి వైరూ సాకెట్ కన్నా కిందికి వేలాడి మళ్లీ పైకి వెళ్లేలా సర్దు. అప్పుడు వైరు మీద జారిన నీటి చుక్క నేల మీద పడుతుంది గానీ సాకెట్‌లోకి పోదు. పంపు నడుస్తున్నప్పుడు బకెట్టులో చెయ్యి పెట్టకు.

ఫిల్టర్ స్పాంజిని నెలకోసారి, తీసిన తొట్టి నీళ్లలోనే రెండుసార్లు మెల్లగా పిండు. కుళాయి కింద ఎప్పుడూ పెట్టకు. ఆవిరైపోయిన నీటికి బదులు కొత్త నీళ్లు కలపడం నీళ్లు మార్చినట్టు కాదని కూడా గుర్తుంచుకో. చినగంజాం ఉప్పు మళ్లలో నీరు ఆవిరై ఉప్పు మిగిలినట్టే, తొట్టిలోనూ నీరు పోతుంది, లవణాలు మిగులుతాయి.

పని ఇంకా తగ్గాలంటే మురికి పుట్టడమే తగ్గించు. రెండు నిమిషాల్లో తినేసేంత మేతే వెయ్యి. అంత తొట్టికి ఆరేడు గప్పీలు చాలు, గోల్డ్ ఫిష్ వద్దు. అది పెద్దదయ్యేది, వ్యర్థం ఎక్కువ వదిలేది. మనీ ప్లాంట్ తీగ వేళ్లు మాత్రం నీళ్లలో మునిగేలా తొట్టి అంచున పెట్టు, నైట్రేట్‌ను అది తాగేస్తుంది. సంక్రాంతికి ఇక్కడికి వచ్చే ముందు రోజు నీళ్లు మార్చి రా. నాలుగైదు రోజులు మేత లేకపోయినా ఆరోగ్యంగా ఉన్న పెద్ద చేపలకు ఏమీ కాదు. వారం మేత ఒకేసారి వేసి వస్తేనే ప్రమాదం.

ఇప్పుడు మిగిలిన చేపల్ని దక్కించుకోవాలి. వచ్చే నాలుగు వారాలు రోజు విడిచి రోజు చిటికెడు మేత వెయ్యి. వారానికి రెండుసార్లు నాలుగో వంతు నీళ్లు మార్చు. రాళ్ల జోలికి, స్పాంజి జోలికి వెళ్లకు. ఎవరైనా స్నేహితుల ఇంట్లో ఆరోగ్యంగా ఉన్న తొట్టి ఉంటే, వాళ్ల పాత స్పాంజి ముక్క ఒకటి అడిగి, ఆరిపోకుండా వాళ్ల తొట్టి నీళ్లలోనే తెచ్చి నీ ఫిల్టర్‌లో పెట్టు. పాలు తోడు పెట్టినట్టు, సూక్ష్మజీవులు తొందరగా స్థిరపడతాయి.

ఇదంతా చదివితే పెద్ద పనిలా అనిపిస్తుంది. చేతికి అలవాటయ్యాక ఇరవై నిమిషాలు పడుతుంది. నోరు లేని ప్రాణాల్ని ఇంటికి తెచ్చుకున్నాం, అవి తమ నీళ్లు తాము మార్చుకోలేవు. ఈ రాత్రే పడుకోబోయే ముందు ఒక బకెట్టు నింపి, మూత వేయకుండా తొట్టి పక్కన పెట్టు. మిగతాది రేపు రాత్రికి చూసుకుందువు గానీ.

ఆశీస్సులతో,
మీ పెదనాన్న