పాత కాగితాలకు కొత్త ఆయుష్షు

ప్రశ్న: నాచారం, ఉప్పల్ పాత కుటుంబాల వంశవృక్షాలు, దస్తావేజులు భద్రపరచడంలో వలంటీరుగా సాయపడాలనుంది. ఎక్కడ మొదలుపెట్టాలి?
– ఓ రిటైర్డ్ ఉద్యోగి, నాచారం

జవాబు: ముందు ఇళ్లలోని ట్రంకుపెట్టెల్లో వెతకాలి. నాచారం, ఉప్పల్ రెండూ ఒకప్పుడు సాగు ఊళ్లే. 1954-55 నాటి ఖాస్రా పహాణీ (భూమి రికార్డు) నకలు దొరికితే, అందులో సర్వే నంబరుతో పాటు పట్టాదారు పేరు, సాగు చేసేవారి పేరు కనిపిస్తాయి. నిజాం కాలపు కాగితాలు చాలావరకు ఉర్దూలో ఉంటాయి. ఉర్దూ చదవగలిగినవారు తోడుంటే సగం పని అయినట్టే.

పక్కనే తార్నాకలో రాష్ట్ర ఆర్కైవ్స్ ఉంది. షాజహాన్, ఔరంగజేబుల కాలపు పారశీక పత్రాలు, అసఫ్‌జాహీల దస్త్రాలు అక్కడ ఉన్నాయి. ఏ ఊరు, ఏ కాలం అన్నది ముందే తేల్చుకుని వెళ్తే మేలు.

నోటి చరిత్రనూ వదలకూడదు. పిచ్చికుంట్లవారు రెడ్ల ఇంటిపేర్లు, గోత్రాలు తరతరాలుగా గానం చేస్తూ వచ్చారు. అనుమతి అడిగి వారి కథనాన్ని రికార్డు చేయడమూ సేవే.

చిరిగిన కాగితానికి సెల్లోటేపు వేయొద్దు, లామినేషన్ అసలే వద్దు. జిగురు మరకలు పోవు, వేడికి సిరా పాడవుతుంది. 300 డీపీఐలో స్కాన్ చేసి, ఫైలు పేరులో ఊరు, ఇంటిపేరు, ఏడాది రాయాలి. అసలు పత్రం ఇంటివారికే తిరిగివ్వాలి. బతికున్నవారి పుట్టినతేదీలు, ఆధార్ వివరాలు మాత్రం బయటపెట్టకూడదు.