సిగ్గునొందిన వారికి రాజు పంపిన కబురు

వేదపాఠము: 2 సమూయేలు 10:1–5, లూకా 13:10–17



ఈ నెల పాఠముగా మేము తీసికొనిన సంగతి ప్రసంగపీఠము మీదనుండి వినబడునది కాదు. స్త్రీల కూటములో సైతము దీనిని గూర్చి గుసగుసలే గాని మాటలు లేవు. కొందరు స్త్రీలకు పై పెదవి మీదను, గడ్డము క్రిందను, చెంపల ప్రక్కను, రొమ్ము మీదను, కడుపు మీదను, పురుషులకు వచ్చునట్లు ముదురు వెండ్రుకలు వచ్చును. ఇందువలన శరీరమునకు నొప్పి లేదు. మనస్సునకు కలుగు నొప్పి మాత్రము ఆ స్త్రీకే తెలియును.

అటువంటి చెల్లెలు ఇంటివారు మేల్కొనక మునుపే లేచి, అద్దము ముందర కూర్చుండి ఒక్కొక్క వెండ్రుకను పెరుకుకొనును. కొంగు నోటికి అడ్డము పెట్టుకొని మాటలాడును. బస్సులో కిటికీ వెలుతురు ముఖము మీద పడని చోటు వెదకును. పండుగనాడు సంఘమంతయు ఫొటో తీసికొనునప్పుడు వెనుక వరుసలోనికి జరుగును. పాటల గుంపులో నిలువుమని పిలిచిన, గొంతు బాగుగాలేదని చెప్పును. ఆమెకు భక్తి తగ్గినదని మనమనుకొందుము. పెండ్లిచూపుల దినము వచ్చెనా, తల్లికిని కూతురికిని ముందటి రాత్రి నిద్ర యుండదు. పెండ్లి యైన తరువాత వదినలు నవ్వుచు అనెడి మాట యొకటి చాలును, దానిని ఏండ్ల తరబడి మోయుటకు.

ఇట్టి సిగ్గును గూర్చి దేవుని వాక్యములో ఏమైన నున్నదా యని మేము వెదకితిమి. ముఖము మీది వెండ్రుకల నిమిత్తము సిగ్గుతో క్రుంగిన మనుష్యులు వేదములో నున్నారు. వారు స్త్రీలు కారు, దావీదు రాజు పంపిన దూతలు.

అమ్మోనీయుల రాజైన నాహాషు చనిపోయినప్పుడు, అతని కుమారుడైన హానూనును ఓదార్చుటకు దావీదు తన సేవకులను పంపెను. హానూను కొలువులోని పెద్దలు వారిని వేగులవారని అనుమానించిరి. అంతట హానూను వారిని పట్టుకొని, వారి గడ్డములలో సగము గొరిగించి, వస్త్రములను నడుము దనుక కోయించి పంపివేసెను. ఆ కాలమున గడ్డము పురుషునికి గౌరవము. మన కాలమున స్త్రీకి నున్నని ముఖము గౌరవమని లోకము నిర్ణయించినది. వారికి ఉండవలసినది తీయబడెను. మన సహోదరికి ఉండకూడదని లోకమనుకొనునది మొలిచెను. రెంటను నవ్వినవారు ఒక్క తెగవారే. వెండ్రుకలలో అవమానము లేదు, చూచువాని కంటిలో నున్నది.

ఆ చూపు ఎంత దూరము పోగలదో తెలిసికొనుటకు జూలియా పాస్త్రానా అను స్త్రీ సంగతి వినుడి. ఆమె 1834లో మెక్సికో దేశమున పుట్టెను. పుట్టుకతో వచ్చిన మిక్కిలి అరుదైన లోపము వలన ఆమె ముఖమంతయు నల్లని వెండ్రుకలతో నిండియుండెను. (మనము చెప్పుకొనుచున్న సామాన్యమైన స్థితి వేరు, అది వేరు.) ఆమె చక్కగా పాడునది, నాట్యమాడునది. అయినను జనులు డబ్బిచ్చి చూడవచ్చినది ఆమె ముఖమునే. అమెరికాలోను ఐరోపాలోను ఆమెను ఊరూర ప్రదర్శించినవాడు ఆమె భర్తయే. 1860లో మాస్కో పట్టణమున ఆమె బిడ్డను కనెను; బిడ్డ చనిపోయెను, కొలది దినములకు తల్లియు చనిపోయెను. ఆ భర్త వారి దేహములు చెడకుండ మందులు పెట్టించి, మరల ప్రదర్శనకు పెట్టెను. 2013 ఫిబ్రవరిలో గాని ఆమె దేహము స్వదేశపు మట్టిలో పాతిపెట్టబడలేదు. నూట ఏబది మూడేండ్లు! మన వీధి అరుగుల మీద పుట్టు పరిహాసమునకు ఇంత బలము లేదనుకొనవద్దు. విత్తనము ఒక్కటే.

ఇప్పుడు దావీదు చేసిన పనిని చూడుడి. వారు మిక్కిలి సిగ్గుపడుచున్నారని వినగానే అతడు వారికి ఎదురుగా మనుష్యులను పంపెను. వారు యెరూషలేము చేరి, రాజనగరు ముందర నిలిచి, జరిగినది తమ నోటితో చెప్పుకొనువరకు అతడు కాచుకొనలేదు. గడ్డములు పెరుగువరకు యెరికోలో నుండి, ఆ తరువాత రండని కబురు పంపెను. అతడు చెప్పని మాటలను గూడ గమనింపవలెను. గడ్డమే గదా, పెరుగును లెమ్మని అతడనలేదు. ఇంత చిన్న విషయమునకు యోధులు ఏడ్చుటయా అని గద్దింపలేదు. విశ్వాసము లేనందున సిగ్గుపడుచున్నారని బోధింపలేదు. వారి సిగ్గు నిజమైన గాయమని ఒప్పుకొని, ఆ గాయమునకు చోటును కాలమును ఇచ్చెను.

మనము సాధారణముగా దీనికి విరుద్ధముగా చేయుదుము. నోరు తెరచి తన బాధ చెప్పుకొనిన చెల్లెలితో, దేవుడు హృదయమును చూచును గాని రూపమును చూడడని వెంటనే అందుము. అది సత్యమే; సమూయేలు ఏలీయాబు ఎత్తును చూచి మోసపోబోయినప్పుడు దేవుడు నేర్పిన పాఠమది. అయితే ఆ మాట మొదట చెప్పబడినది చూడబడిన వానికి కాదు, చూచుచున్న సమూయేలునకు. తప్పుగా కొలిచినది ప్రవక్త కన్ను. గనుక ఆ వాక్యమును చెల్లెలి మీద విసరక, వీధిలో ఆమె వైపు తేరి చూచువారికి వినిపించుట న్యాయము.

ఇది పాపఫలమని, తల్లిదండ్రుల శాపమని, దయ్యము పట్టినదని చెప్పువారు ఇంకను ఉన్నారు. వేదములో దీనికి ఆధారము లేదు. ఏశావు పుట్టినప్పుడే ఒంటినిండ రోమములతో పుట్టెను. వేదము దానిని గురుతుగా చెప్పెనే గాని దోషముగా చెప్పలేదు. అతడు పోగొట్టుకొనిన దీవెన రోమముల వలన పోలేదు.

వైద్యులు దీనిని హిర్సూటిజమ్ అందురు. బిడ్డలు కను వయస్సులోనున్న స్త్రీలలో ప్రతి 100 మందికి 5 నుండి 10 మందికి ఇది కలదు. నలువది మంది స్త్రీలు కూడు మన చిన్న సంఘములో, లెక్క ప్రకారము ఇద్దరు మొదలు నలుగురు ఉందురు. ప్రతి స్త్రీ దేహములోను పురుష హార్మోనులు కొద్దిగా నుండును. అవి హెచ్చినను, లేక హెచ్చకయే చర్మము వాటికి ఎక్కువగా లోబడినను, నూగువెండ్రుకలు ముదిరి నల్లబడును. కొన్ని కుటుంబములలో ఇది తల్లినుండి కూతురికి వచ్చును, వేరు జబ్బేదియు ఉండదు. తక్కిన వారిలో అధికభాగమునకు కారణము అండాశయములకు సంబంధించిన పీసీఓఎస్ అను స్థితి. 1935లో అమెరికాలో స్టెయిన్, లెవెంతాల్ అను ఇద్దరు వైద్యులు దీనిని వివరించిరి. నెలసరి రెండు మూడు నెలలకొకసారి వచ్చుట, మొటిమలు, ఒళ్లు పెరుగుట, బిడ్డలు ఆలస్యమగుట దీనితో కలిసియుండవచ్చును. కొందరికి ముందు ముందు చక్కెర జబ్బు వచ్చును. కాబట్టి దీనిని అందచందముల సంగతి యని త్రోసివేయరాదు. కొద్ది నెలలలోనే వెండ్రుకలు హఠాత్తుగా పెరిగి, గొంతు మగగొంతువలె బరువెక్కినయెడల ఆలస్యము చేయక డాక్టరునొద్దకు పోవలెను. అరుదుగా అది లోపలి గడ్డకు గురుతు.

మన పల్లెలలోని కొన్ని తలంపులను గూర్చి ఒక మాట. గొరిగిన వెండ్రుక ఇంకను ముదురుగా వచ్చునని అవ్వలందరును చెప్పుదురు. 1928లోనే మిల్డ్రెడ్ ట్రాటర్ అను శాస్త్రజ్ఞురాలు దీనిని పరీక్షించి, అది నిజము కాదని చూపెను. కొన మొద్దుగా తెగినందున చేతికి గరుకుగా తగులును, అంతే. పసుపు, సున్నిపిండి నలుగు పెట్టుట వలన ఒళ్లు శుభ్రమగును. వెండ్రుక పుట్టించు మూలము చర్మము లోపల నున్నది, నలుగు అక్కడికి పోదు. పసిబిడ్డను ఏడ్చువరకు రుద్దవలదని తల్లులను బతిమాలుచున్నాము. అన్నిటికంటె అపాయమైనది, డాక్టరు చీటీ లేకుండ మందుల షాపులో కొని, తెలుపు వచ్చునని రోజూ పూయు క్రీములు. వాటిలో కొన్నింట స్టెరాయిడు మందు కలిసియుండును. చర్మము పలుచబడి, ఎఱ్ఱబడి, ఆ ముఖము మీదనే వెండ్రుకలు పెరుగును. మీసము దాచుకొనుటకై క్రీము పూసి, ఆ క్రీము వలననే మీసము పెంచుకొనుట ఎంత జాలి!

వైద్యము కలదు, అయితే ఓపిక కావలెను. మాత్రలు వాడిన, మార్పు కనబడుటకు సుమారు ఆరు నెలలు పట్టును. వాటిలో కొన్ని గర్భిణీలు వాడరానివి, గనుక ఒకరికి వ్రాసినవి వేరొకరు మ్రింగకూడదు. లేజరు వలన వెండ్రుకలు తగ్గును గాని, పలుమారులు పోవలెను, ఖర్చును అగును. ఒళ్లు పెరిగినవారికి కొంచెము బరువు తగ్గినను నెలసరి సరిపడవచ్చును. అన్ని చేసినను పూర్తిగా పోనివారు ఉందురు. అపొస్తలుడైన పౌలు తన ముల్లు తీసివేయుమని మూడుమార్లు వేడుకొనెను, ముల్లు పోలేదు. చాలినంత కృప దొరకెను. ప్రార్థించిన రాలిపోవునని మేము ఎవరికిని మాట ఇయ్యము.

డాక్టరు ముందర కొంగు తీయుటకు సిగ్గు అందువా, చెల్లీ? ఈ సిగ్గు ఎంత కీడు చేయునో మన ప్రాంతపు మిషను చరిత్రకు తెలియును. 1890వ దశకములో తిండివనములో ఒకే రాత్రి ముగ్గురు స్త్రీలు ప్రసవవేదనలో చనిపోయిరి. పురుష వైద్యుడు చూడరాదని ఇంటివారు పట్టుబట్టుటయే కారణము. ఆ వైద్యుని కుమార్తె ఐడా స్కడ్డర్ అది చూచి, తానే డాక్టరు చదివి, 1900లో వేలూరులో ఒక్క మంచముతో ఆరంభించెను. స్త్రీలు స్త్రీలకు చెప్పుకొనగలిగిరి. ఈ దినమున కుప్పములోనే మెడికల్ కాలేజీ ఆస్పత్రి యున్నది, లేడీ డాక్టర్లున్నారు. కుప్పములో రైలెక్కి కాట్పాడిలో దిగిన వేలూరు ఆస్పత్రికి పోవచ్చును. గుడుపల్లె చెల్లెండ్రకు ఇది దూరదేశము కాదు.

తీసివేయుట పాపమా అని కొందరు సహోదరీలు భయపడుచున్నారు. పేతురు తన మొదటి పత్రికలో మందలించినది ఆడంబరమును. నలుగురిలో తల ఎత్తుకొని నిలుచుటకు ఒకామె థ్రెడింగ్ చేయించుకొనిన అది ఆడంబరము కాదు. కుష్ఠము నుండి శుద్ధుడైనవాడు గడ్డమును కనుబొమలను సహా గొరిగించుకొనవలెనని లేవీయకాండము 14వ అధ్యాయము చెప్పుచున్నది. వెండ్రుకలు తీయుట తనంతట తాను అపవిత్రము కాదు. అట్లే తీయకుండుటయు పాపము కాదు. ఇంగ్లండులోని హర్నామ్ కౌర్ అను సిక్కు యువతి పీసీఓఎస్ వలన వచ్చిన గడ్డమును, బాల్యమున ఎంతో ఎగతాళి పడిన తరువాత, తీయుట మానివేసెను. 2015లో గిన్నిస్ పుస్తకము వారు ఆమెను నిండు గడ్డము గల స్త్రీలలో మిక్కిలి చిన్న వయస్సు గలదిగా లెక్కించిరి. అందరును అట్లు చేయవలెనని మేము చెప్పము. తీసికొను చెల్లిని, ఉంచుకొను చెల్లిని మనము తీర్పు తీర్చకుందము.

మనస్సు క్రుంగుట వేరొక లక్షణమని తలంపవలదు. పీసీఓఎస్ గల స్త్రీలలో దిగులు, ఆందోళన ఎక్కువగా నుండునని వైద్యులు కనుగొనిరి. 2023లో వెలువడిన అంతర్జాతీయ వైద్య సూచనలలో, ఇట్టి స్త్రీల మనస్సు ఎట్లున్నదో డాక్టరు విచారింపవలెనని చెప్పబడినది. నిద్ర పోయినను, తిండి సహింపకున్నను, చచ్చిన మేలని తోచినను, ఒక్కతెవు మోయకుము. నమ్మదగిన ఒక్కరికి చెప్పుము. ఇంటిలో చెప్పలేనియెడల 14416 నంబరుకు ఫోను చేసిన, ప్రభుత్వమువారి టెలీ మానస్ సేవలో తెలుగులో మాటలాడుదురు, డబ్బు తీసికొనరు.

లూకా సువార్తలోని నడుము వంగిన స్త్రీని చూడుడి. పదునెనిమిది ఏండ్లుగా ఆమె నిటారుగా నిలువలేదు. సమాజమందిరములో ఎందరు ఆమె వీపును చూచిరో! అయినను ఆమె వచ్చెను. ఆమె అడుగక మునుపే యేసు ఆమెను చూచి పిలిచెను, ఆమెను అబ్రాహాము కుమార్తె యని అందరి యెదుట చెప్పెను. ఆమెకు జబ్బు పేరు కాక కుటుంబపు పేరు ఇచ్చెను. మన ఊళ్లలో "ఆ మీసాలమ్మాయి" అని గురుతు చెప్పు నోళ్లు ఈ వచనమును చదివి ఊరకుండవలెను.

యెరికోలో వారిని విడిచిపెట్టుట దావీదు తలంపు కాదు; మరల రావలెనని చెప్పెను. మన చెల్లెండ్రు ఆరాధనకు రాక ఇంటనే దాగుకొనినయెడల వారికి యెరికో మన మధ్యనే దొరకలేదన్నమాట. ఈ నెల స్త్రీల కూటములో ఈ పాఠము చదివినప్పుడు, ఎవరికి ఈ బాధ యున్నదని చేతులెత్తించవద్దు, ఎవరి పేరును ప్రార్థన మనవులలో చదువవద్దు. కొడుకులకు సంబంధము చూచు తల్లులు మాత్రము, పిల్ల ముఖమును వెలుతురులోనికి త్రిప్పి చూచు అలవాటు మానుదురని మేము అడుగుచున్నాము. ఆ మాట మగవారి కూటములోను చెప్పవలెను, ఏలయనగా వద్దనుకొనునది తరచుగా కొడుకే. ఇక పెద్దవారైన అక్కలలో ఇద్దరు, కుప్పము ఆస్పత్రికి తోడు రావలసిన వారికి తాము వత్తుమని కూటములో చెప్పియుంచవలెను. రైలు దిగువరకు ఏ జబ్బని అడుగవద్దు. ఓ.పీ. చీటీ వ్రాయించునప్పుడు కౌంటరు దగ్గర గట్టిగా చెప్పవద్దు. డాక్టరమ్మ గదిలోనికి ఆమె రమ్మనిననే వెళ్లుడి, లేనియెడల బయట బల్ల మీద కూర్చుండుడి.