ఓటమి కథలో హాస్యరసం: యథార్థమూ కల్పనా

గెలిచినవారి గాథలు ప్రతి జాతికీ ఉన్నాయి. ఓడినవారిని నాయకులుగా నిలిపి, ప్రేక్షకులను నవ్వించి, చివరకు ఆ ఓడినవారిపైనే గౌరవం కలిగించడం కష్టసాధ్యమైన పని. క్రీడారంగంలోని యథార్థ సంఘటనలను గ్రహించి నిర్మించిన హాస్యచిత్రాలు ఈ పనికే పూనుకొంటాయి. కల్పిత పాత్రను ఎంత పరిహసించినా నొచ్చుకొనేవారుండరు. యథార్థ కథలోనైతే, పాత్రలకు మూలమైన వ్యక్తులు చిత్రం వెలువడేనాటికి సజీవులై, తమ్ము తాము తెరపై చూచుకొంటారు. కనుక అట్టి కథలో రచయిత దేనిని మార్చవచ్చును, దేనిని మార్చరాదు అన్నది విచారింపదగిన విషయం. అందుకు 1993లో వాల్ట్ డిస్నీ సంస్థ నిర్మించగా జాన్ టర్టెల్‌టాబ్ దర్శకత్వం వహించిన ‘కూల్ రన్నింగ్స్’ చిత్రాన్ని ప్రధానోదాహరణగా స్వీకరిస్తున్నాను.

మూలకథ

జమైకా కరీబియన్ సముద్రంలోని ఉష్ణద్వీపం. మంచుతో పరిచయంలేని ఆ దేశం 1988 ఫిబ్రవరిలో కెనడాలోని కాల్గరీ నగరంలో జరిగిన శీతకాల ఒలింపిక్ క్రీడలకు బాబ్‌స్లెడ్ జట్టును పంపింది. బాబ్‌స్లెడ్ అంటే మంచుగడ్డ కట్టిన వంకరదారిలో గంటకు నూరు కిలోమీటర్లకు మించిన వేగంతో జారిపోయే బండి. క్రీడాకారులు దానిని కొంతదూరం పరుగుతో తోసి, ఒకరి వెనుక ఒకరుగా లోపలికి దూకి కూర్చుంటారు. ముందున్నవాడు దానిని నడుపుతాడు.

జమైకాలో జరిగే తోపుడుబండ్ల పందెానికీ ఈ క్రీడకూ గల పోలికను గమనించిన జార్జ్ ఫిచ్, విలియం మలోనీ అనే ఇద్దరు అమెరికన్లు ఈ యత్నానికి నాంది పలికారు. క్రీడాకారుల కోసం వారు సైన్యాన్ని ఆశ్రయించారు. డడ్లీ స్టోక్స్, డెవన్ హ్యారిస్ సైనికాధికారులు. పోటీకి ముందు జట్టులో ఒకరికి గాయం కాగా, అన్నగారి ఆట చూడటానికి వచ్చిన డడ్లీ తమ్ముడు క్రిస్ స్టోక్స్ కొద్దిరోజుల శిక్షణతోనే బండి ఎక్కవలసివచ్చింది. మూడవ పరుగులో బండి అదుపు తప్పి, తలక్రిందులై, ఆ స్థితిలోనే చాలాదూరం జారింది. నలుగురూ బయటపడి, బండి ప్రక్కన నడుస్తూ గమ్యం చేరారు. ప్రేక్షకులు కరతాళధ్వనులతో వారిని అభినందించారు.

కథకు పట్టిన సాన

మన ఆలంకారికులు ఇతివృత్తాన్ని ప్రఖ్యాతం, ఉత్పాద్యం, మిశ్రం అని మూడు విధాలుగా విభజించారు. పూర్వకథకు కవికల్పన తోడైనప్పుడు అది సానపట్టిన జాతిరత్నం వంటిదని రామరాజభూషణుడు వసుచరిత్రలో భావించాడు. అయితే సానపట్టడమంటే రాతిని కొంత అరగదీయడమే కదా! ఎంతవరకు అరగదీయాలన్నదే ప్రశ్న. ఈ చిత్రంలోని నాలుగు మార్పులను ఈ దృష్టితో పరిశీలింపవచ్చును.

మొదటిది, శిక్షకుని పాత్ర. వాస్తవంలో శిక్షకుడైన హోవార్డ్ సైలర్ స్వయంగా ఒలింపిక్ బాబ్‌స్లెడ్ క్రీడాకారుడు. చిత్రంలో జాన్ క్యాండీ ధరించిన అర్వింగ్ బ్లిట్జర్ పాత్ర పూర్తిగా కల్పితం. బండిలో రహస్యంగా బరువు చేర్చి, పట్టుబడి, గౌరవం పోగొట్టుకొన్నవాడు ఆ శిక్షకుడు. పతకమే సర్వస్వమనుకొని చెడినవాడు చెప్పినప్పుడే, పతకం లేకపోయినా మనిషికి విలువ ఉన్నదన్న మాటకు బలం చేకూరుతుంది. అదే 1988 క్రీడలలో స్కీ జంప్ రెండు పోటీలలోనూ చివరి స్థానం పొందిన బ్రిటిష్ క్రీడాకారుడు మైకేల్ ఎడ్వర్డ్స్ కథగా 2016లో ‘ఎడ్డీ ది ఈగిల్’ చిత్రం వచ్చింది. అందులోనూ పతనమైన శిక్షకుడు ఒకడు కల్పింపబడ్డాడు. శిష్యుని ఓటమికి అర్థం చెప్పగలవాడు తానూ ఓడినవాడై ఉండాలన్నది ఈ కల్పనలోని రహస్యం. పేరు మార్చి, పాత్రను కొత్తగా సృష్టించినందువల్ల నిజమైన శిక్షకునికి మచ్చ అంటలేదు. ఇది ఉచితమైన మార్పు.

రెండవది, ఇతర జట్ల ప్రవర్తన. చిత్రంలో అన్యదేశీయులు జమైకా క్రీడాకారులను అవమానిస్తారు. వాస్తవంలో తోటి పోటీదారులు వారిని సలహాలతోనూ సామగ్రితోనూ ఆదుకొన్నారు. సంఘర్షణ కోసం రచయితలు ఒక సత్యమైన సౌజన్యాన్ని బలిపెట్టారు. నాటకీయత పెరిగినా ఇది నష్టమనే నా అభిప్రాయం.

మూడవది, ప్రమాదకారణం. చిత్రంలో జట్టు అద్భుతంగా దూసుకొనిపోతూ ఉండగా బండి మర వదులై కూలిపోతుంది. నిజానికి ఆ జట్టు చివరి స్థానాలలోనే ఉన్నది. అనుభవలేమియే వారికి ప్రధాన ప్రతిబంధకం. తప్పును యంత్రంపై మోపడం వల్ల నాయకులు నిష్కళంకులైనారు గాని, వారి సాహసం కొంత చిన్నదయింది. నేర్చీ నేర్వని విద్యతో అంతటి ప్రమాదానికి ఎదురు నిలవడమే కదా అసలైన ధైర్యం!

నాలుగవది, ముగింపు. చిత్రంలో నలుగురూ బండిని భుజాలపైకెత్తి గమ్యరేఖ దాటిస్తారు. వాస్తవంలో ఎత్తలేదు, ప్రక్కన నడిచారు. అయినా జరిగినదాని భావాన్ని ఈ కల్పన చెరపలేదు, కంటికి స్పష్టంగా చూపింది. ఓటమిని గెలుపుగా మార్చే ప్రలోభానికి లొంగకపోవడం ఈ చిత్రంలోని ఉత్తమగుణం.

నవ్వు ఎవరిపై?

అనౌచిత్యమే హాస్యానికి మూలమని అభినవగుప్తుడు చెప్పాడు. ఎండదేశం మనుష్యులు మంచులో నిలబడటమే ఇక్కడి అనౌచిత్యం. చలికి అలవాటుపడటానికి ఐస్‌క్రీం బండిలో కూర్చున్నవాని జుట్టు గడ్డకట్టి విరిగిపోవడం, స్నానపుతొట్టిలో నలుగురూ వరుసగా కూర్చొని మలుపులు అభ్యసించడం నవ్వు పుట్టిస్తాయి. ఆ నవ్వుకు కారణం వారి రంగో, పేదరికమో, యాసో కాదు. మనిషికీ స్థలానికీ పొత్తు కుదరకపోవడమే. అంతేకాక, స్విస్ జట్టును అనుకరించబోయి నాయకుడు భంగపడినప్పుడు, మిత్రుడు అతనికి తమ స్వభావాన్ని విడువవద్దని బోధిస్తాడు. అక్కడినుండి ప్రేక్షకుడు వారిని చూచి నవ్వడం తగ్గి, వారితోపాటు నవ్వడం మొదలవుతుంది.

కథారచనపై ఆసక్తిగల విద్యార్థులు దీనినుండి మూడు విషయాలు గ్రహింపవచ్చును. నిజవ్యక్తికి లేని దోషాన్ని కల్పించదలిస్తే, దానిని కల్పిత పాత్రకే అంటగట్టాలి. దుర్బలుని సన్నివేశం నవ్వించాలే గాని, అతని పుట్టుక నవ్వులపాలు కారాదు. సంఘటనలు మారినా ఫలితం మారకూడదు. ఓడినవాడు కథలోనూ ఓడిపోవాలి.

జమైకా జట్టు ప్రయాణం కాల్గరీతో ముగియలేదు. 1994లో నార్వేలోని లిల్లెహామర్ క్రీడలలో ఆ దేశపు నలుగురి జట్టు 14వ స్థానం సాధించింది. చిత్రం అంతకుముందే వెలువడినందున ఆ ఫలితం అందులో లేదు. ఆ విజయం ఆసరా లేకుండానే, ఓటమి ఒక్కదానితోనే, ఆ నలుగురినీ ప్రపంచానికి ఆత్మీయులుగా చేయగలగడం హాస్యరసానికి గల శక్తికి నిదర్శనం.