హాస్టల్ గోడల మీద బొమ్మలు

గోడ మీద గాని, పైకప్పు లోపలి వైపున గాని నేరుగా వేసిన బొమ్మను కుడ్యచిత్రం అంటారు. ఆ మాట వినగానే మనకు అజంతా గుహలు, లేపాక్షి వీరభద్రస్వామి ఆలయపు పైకప్పు గుర్తుకు వస్తాయి. అవి ఆరితేరిన చిత్రకారులు వేసినవి. అయితే విద్యార్థులు తాము ఉండే హాస్టల్ గోడలనే బొమ్మలతో నింపుకున్న చోటు కూడా మన దేశంలో ఉంది. దాని గురించి తోటి హాస్టల్ మిత్రులకు, పూర్వ విద్యార్థులకు తెలియజేయాలని ఈ వ్యాసం రాస్తున్నాము.

ఆ చోటు పశ్చిమ బెంగాల్‌లోని శాంతినికేతన్. 1901లో రవీంద్రనాథ్ ఠాగూర్ అక్కడ ఐదుగురు పిల్లలతో బడి ప్రారంభించారు. 1919లో కళాభవన్ ఏర్పడింది. నందలాల్ బోస్ గారు చాలాకాలం దానిని నడిపించారు. మన తెలుగు చిత్రకారుడు కొండపల్లి శేషగిరిరావు గారు ఆయన దగ్గర చదువుకున్నవారే.

1930లలో కళాభవన్ విద్యార్థులు ఉండడానికి అక్కడ ఒక మట్టి ఇల్లు కట్టారు. గోడలకు తారు పూయడం వల్ల నల్లగా ఉంటుంది కనుక దానికి 'కాలో బాడి', అంటే నల్ల ఇల్లు అని పేరు వచ్చింది. నందలాల్ బోస్, రాంకింకర్ బైజ్ వంటి గురువులు దారి చూపగా విద్యార్థులే ఆ గోడల మీద ఉబ్బెత్తు బొమ్మలు తీర్చారు. సింధు నాగరికత ముద్రలు, భార్హుత్, మహాబలిపురం శిల్పాలు, ఈజిప్టు బొమ్మలు వాటికి నమూనాలు. మనం చరిత్ర పుస్తకంలో రెండు మార్కుల ప్రశ్న కోసం బట్టీ పట్టేవాటిని వాళ్లు చేతులకు మట్టి అంటించుకుని నేర్చుకున్నారు. ఆ చదువు మరచిపోమన్నా మరచిపోలేరు.

అక్కడి మరో హాస్టల్ పైకప్పు మీద 1940లో బినోద్ బిహారీ ముఖర్జీ గారు బొమ్మ వేశారు. ఆయన మొదట కళాభవన్ విద్యార్థి, తరువాత అక్కడే ఉపాధ్యాయుడు. చిన్నప్పటి నుండి ఒక కన్ను కనిపించదు, రెండో కంటికీ చూపు తక్కువే. అయినా చెరువు, చెట్లు, గుడిసెలు, పశువులు, పనిపాటల్లో ఉన్న మనుషులతో బీర్‌భూం పల్లెను తలపైన నిలిపారు. ఊరు వదిలి వచ్చిన పిల్లవాడు పైకి చూస్తే ఊరే కనబడుతుంది. ఇంటి మీద బెంగ అంటే ఏమిటో మనకు ఎవరూ చెప్పనక్కరలేదు కదా! ఆయన 1946-47లో హిందీ భవన్ గోడల మీద మధ్యయుగపు సాధుసంతుల పెద్ద చిత్రం వేసినప్పుడు విద్యార్థులే సహాయకులు. 1950లలో ఆయనకు చూపు పూర్తిగా పోయింది. ఆయన శిష్యుడైన సత్యజిత్ రాయ్ 1972లో గురువుగారి మీద 'ది ఇన్నర్ ఐ' అనే డాక్యుమెంటరీ తీశారు. శాంతినికేతన్ 2023లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరింది.

ఇక బొమ్మ నిలిచే కిటుకు ఏమిటో చూద్దాం. హిందీ భవన్ చిత్రం తడి సున్నం మీద వేసినది. ఒక రోజులో ఎంత వేయగలమో అంత మేరకే సున్నపు గార పూసి, అది ఆరకముందే నీటిలో కలిపిన రంగు వేయాలి. సున్నం ఆరుతూ గాలిలోని కార్బన్ డయాక్సైడును తీసుకుని కాల్షియం కార్బొనేట్‌గా గట్టిపడుతుంది. రంగు అందులోనే బిగిసిపోతుంది. వెల్ల వేసిన గోడ గట్టిపడడం గురించి మనం సామాన్యశాస్త్రంలో చదివేది ఇదే. దీనికి ఎర్రమన్ను, పసుపు మన్ను వంటి మట్టి రంగులే పనికివస్తాయి. వంటింటి పసుపు పనికిరాదు. సున్నం తగిలితే ఎర్రబడుతుందని పారాణి కలిపే ప్రతి అమ్మకూ తెలుసు.

మన హాస్టళ్ల సంగతికి వస్తే, ఆగస్టు పదిహేనుకో, ఎవరో పెద్దలు వస్తున్నారనో హడావుడిగా వేసిన బొమ్మలు రెండేళ్లకే పెచ్చులూడిపోతాయి. పొడి రాలే పాత వెల్ల మీద, చెమ్మ ఎక్కే గోడ మీద ఏ రంగూ నిలవదు. మిగిలినవి కూడా తరువాతి రంగుల కింద పడి పోతాయి. ఏ బ్యాచ్ అన్నలు వేశారో, ఏం వేశారో జ్ఞాపకం కూడా మిగలదు. మాకు ఎక్కువ బాధ కలిగించేది ఇదే. గోడకు మళ్లీ రంగు వేసే ముందు పాత బొమ్మకు ఒక ఫోటో తీసి, వేసినవారి పేర్లు, సంవత్సరం రిజిస్టరులో రాసి పెట్టడానికి పైసా ఖర్చు కాదు.

తడి సున్నం పని చిన్న తరగతుల వాళ్లకు వద్దు, కంట్లో పడితే ప్రమాదం. మనవి సిమెంటు గోడలు కనుక ఎమల్షన్ రంగులే సులువు. పాత పొరను గీకి, గోడ బాగా ఆరిన తరువాత, చిన్న బొమ్మ మీద గళ్లు గీసి అవే గళ్లను గోడ మీద పెద్దవిగా గీసుకోవాలి. ముందు వంటశాల వెనుక రెండడుగుల మేర వేసి, ఒక వానాకాలం ఆగుదాం. రంగు చేతికి అంటకపోతే వార్డెన్ గారిని భోజనశాల గోడ అడుగుదాం.