బదిలీ వేళ మా చేతి కార్డు

మా తరగతిలో ఏటా ఎవరో ఒకరు బదిలీ మీద వెళ్ళిపోతుంటారు. ఈసారి వెళ్ళే స్నేహితురాలికి మేమే కార్డు చేసి ఇచ్చాము. మీరూ ఇలా చేసి చూడండి.

సిరా: పసుపును నీళ్ళలో కలిపి మందపాటి తెల్ల కాగితానికి పూసి ఆరబెట్టాము. బట్టల సబ్బు నీళ్ళలో ముంచిన కుంచెతో ఆమె పేరు రాస్తే అక్షరాలు ఎర్రగా తేలాయి! సబ్బులోని క్షారం వల్ల పసుపు ఎర్రబడుతుంది.

ఉబ్బెత్తు బొమ్మ: అట్టముక్కలో ఆకు ఆకారంలో రంధ్రం కత్తిరించాము. దానిపై కార్డును బోర్లించి, సిరా అయిపోయిన బాల్‌పెన్నుతో రంధ్రం అంచు వెంట మెల్లగా నొక్కాము. తిప్పి చూస్తే ఆకు పైకి ఉబ్బి కనిపించింది. మొదటి కార్డు మాత్రం గట్టిగా నొక్కి చింపేశాము.

మెరుపులు: గ్లిట్టర్ చాలావరకు సన్నని ప్లాస్టిక్ ముక్కలే. అది మట్టిలో కలిసిపోదు. అందుకే కింద పాత పేపరు పరిచి, జిగురు గీతల మీద కొద్దిగా చల్లి, రాలినదాన్ని మళ్ళీ సీసాలో పోశాము.

పసుపు రంగు ఎండకు వెలిసిపోతుంది కనుక కార్డును పుస్తకంలో దాచుకోమన్నాము. మిగిలిన కాగితానికి చిల్లు పెట్టి, దారం కట్టి, ఆమె పెట్టెకు తగిలించాము. దాని మీద మా అందరి పేర్లూ ఉన్నాయి. తర్వాతి కార్డు మాలో ఎవరికో!