వరి నాణ్యత ల్యాబ్‌లో నేర్చుకున్నవి
(కొత్తగా చేరిన పిల్లల కోసం)

1. కొత్త రకం రాగానే దిగుబడి లెక్కలు చూడకండి. గుప్పెడు బియ్యం వండి తినండి. సన్నగా ఉన్నంత మాత్రాన అన్నం బాగుంటుందనుకుంటే సాంబ మసూరికి అంత పేరు ఎందుకొచ్చిందో ఎప్పటికీ అర్థం కాదు. గింజ సన్నదనం ఒక సంగతి, లోపలి పిండి పోకడ ఇంకో సంగతి.

2. ఆ పోకడలో సగం వాక్సీ జన్యువుదే. అది తయారుచేసే ఎంజైమ్ గ్లూకోజ్‌ను దాదాపు కొమ్మల్లేని పొడవాటి గొలుసుగా అల్లుతుంది. అదే అమైలోజ్. ఇది 25 శాతం దాటితే అన్నం విడివిడిగా వస్తుంది, చల్లారితే గట్టిపడుతుంది. 20 నుంచి 25 మధ్య ఉంటే మనవాళ్లకు నచ్చే మెత్తదనం. జపాన్ రకాల్లో ఈ జన్యువులో ఒక్క అక్షరం మారింది, జీ ఉండాల్సిన చోట టీ. దాంతో జన్యు సందేశం సరిగ్గా కత్తిరింపు కాక ఎంజైమ్ తగ్గిపోతుంది, అన్నం అతుక్కుంటుంది. చేత్తో కలుపుకుని తినే మనకు అది లోపం, పుల్లలతో తినేవాళ్లకు అదే సుగుణం. జన్యువు పూర్తిగా పనిచేయకపోతే జిగురు బియ్యమే. అయోడిన్ చుక్క వేసి చూడండి: మామూలు గింజ నీలమెక్కుతుంది, జిగురు గింజ ఎర్రటి గోధుమ రంగుకు తిరుగుతుంది. ఇంత చవకైన పరీక్ష మన ల్యాబ్‌లో ఇంకోటి లేదు.

3. అమైలోజ్ ఒక్కటే చూసి తీర్పు చెప్పకండి. రెండు రకాల్లో అది సమానంగా ఉన్నా ఒకటి తొందరగా ఉడుకుతుంది, రెండోది గ్యాస్ తినేస్తుంది. అక్కడ చూడాల్సింది స్టార్చ్ సింథేజ్ టూ-ఏ అనే ఎంజైమ్. పిండిలో కొమ్మలున్న భాగమైన అమైలోపెక్టిన్‌లోని పొట్టి కొమ్మలను కాస్త పొడిగించడం దాని పని. అది బలహీనమైతే కొమ్మలు పొట్టిగానే మిగిలి, పిండి తక్కువ వేడికే ఉడుకుతుంది. 1.7 శాతం పొటాషియం హైడ్రాక్సైడ్‌లో బియ్యం గింజలను వేసి, పెట్టెను రాత్రంతా కదపకుండా ఉంచి, మర్నాడు చూడండి. కరిగి పరుచుకుపోయినవి తక్కువ వేడికి ఉడికేవి, చెక్కుచెదరనివి మొండివి. పెట్టెను కదిపితే ఫలితం పోయినట్టే. ఊడ్చేవాళ్లకు ముందే చెప్పి ఉంచండి.

4. అమైలోపెక్టిన్‌కు కొమ్మలు వేసే ఎంజైమ్ ఒకటి, తప్పు చోట మొలిచిన కొమ్మలను తోటమాలిలా కత్తిరించేది ఇంకొకటి. ఆ కత్తిరించే ఐసోఅమైలేజ్ పాడైన మొక్కజొన్నే తీపి కండె. పిండికి ముడిసరుకు అందించే ఏజీపేజ్ పాడైతే తీపి ఇంకా పెరుగుతుంది. 1953లో జాన్ లాఫ్నన్ దాని గురించి రాశాక సూపర్ స్వీట్ మొక్కజొన్నకు దారి పడింది. అయితే ఆ గింజ ఎండితే ముడతలు పడి డొల్లవుతుంది. వరిలోనూ కొమ్మలు వేసే ఎంజైమ్‌ను తీసేస్తే నిదానంగా అరిగే పిండి వస్తుంది గానీ, గింజ చిన్నబోతుంది. జన్యువు మారితే చాలు అన్నీ కలిసొస్తాయని ఎవరైనా అంటే తూకం యంత్రం వైపు చూపించండి.

5. ఎండ కూడా ఈ ఎంజైమ్‌లతో ఆడుకుంటుంది. పాలు పోసుకునే దశలో వేడి ఎక్కువైతే పిండిని కట్టే ఎంజైమ్‌లు మందగిస్తాయి, కరిగించే అమైలేజ్ పెరుగుతుంది. పిండి రేణువులు వదులుగా పేర్చుకుని గింజలో తెల్లపొట్ట కనిపిస్తుంది, మిల్లులో నూకవుతుంది. యాసంగి పంటలో నూక ఎక్కువని రైతును తిట్టే మిల్లరుకు ఈ సంగతి చెప్పాలి. ఉప్పుడు బియ్యం చేసుకుంటే నష్టం కొంత ఆగుతుంది.

6. షుగర్ ఉన్నవాళ్లు ఏ బియ్యం తినాలని అడుగుతారు. సాధారణంగా అమైలోజ్ ఎక్కువుంటే అరుగుదల నిదానం. కానీ తెలంగాణ సోనాలో అమైలోజ్ మధ్యస్థమే అయినా గ్లైసీమిక్ సూచిక తక్కువ రకంగా అది పేరు తెచ్చుకుంది. అందుకని ఒక్క సంఖ్యతో జవాబివ్వకండి. ఎంత తింటున్నారో, ఎంత మెత్తగా వండుతున్నారో, చద్దన్నమా వేడన్నమా అని ముందు అడగండి. చల్లారిన అన్నంలో అమైలోజ్ మళ్లీ గట్టిగా పేరుకుని, కొంత పిండి జీర్ణానికి లొంగదు. మళ్లీ వేడి చేసినా అందులో కొంత అలాగే ఉంటుంది.